అవ్వ ఫ్రిజ్జులో మందు

నగరం అంచున జిగణిలో మేముండే వఠారంలో పదహారు గదులు. నడుమ ఒక సందు, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. సందు మొదట్లో ఓనరవ్వ ఇల్లు. గదుల సంఖ్య మారదు కాబట్టి దాన్ని నా పుస్తకంలో పెన్నుతో రాసుకున్నాను. మనుషుల సంఖ్య నెలనెలా మారుతుంది కాబట్టి దాన్ని పెన్సిల్‌తో రాస్తాను.

ఈ రాతపని నాకెవరూ జీతమిచ్చి అప్పగించలేదు. అవ్వకు చదువు రాదు. నగరంలో ఎక్కడైనా పేలుడు జరిగితే వారం తిరక్కముందే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి అద్దెకున్నవాళ్ళ వివరాలు కావాలంటాడు. పేరు, ఊరు, పనిచేసే చోటు, ఫోటో, గుర్తింపు కార్డు జిరాక్సు. మొదటిసారి అవ్వ కంగారుపడి నన్ను పిలిచింది. “ఏమ్మే, నువ్వు లెక్కలదానివి గదా, ఈ కాగితాలేందో చూడు” అంది. అప్పటినుంచీ చూస్తున్నాను. నాది ఏడో తరగతిలో ఆగిన చదువు. శాతాలు, సగటులు నేర్చుకున్నది ఫ్యాక్టరీ గోడకు రోజూ అంటించే చార్టు చూసి. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఇంతవరకు చాలని ఆపినవాళ్ళూ లేరు. ఖాళీ అట్టముక్క దొరికితే దానిమీద ఏదో ఒకటి భాగించి చూస్తుంటాను.

ఫ్యాక్టరీలో నా చోటు సూది మిషను దగ్గర. మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. కుట్టేటప్పుడు సూదులు విరుగుతాయి. విరిగిన మొన బట్ట మడతలో ఉండిపోతే, ఏ దేశంలోనో దాన్ని తొడుక్కున్న పసిబిడ్డకు గుచ్చుకుంటుంది. అందుకని పెట్టెలో సర్దే ముందు ప్రతి చొక్కానూ కదిలే పట్టా మీద ఆ మిషను గుండా పంపుతాము. లోపల సూదిముక్క ఉంటే మిషను ఆగి కూత పెడుతుంది. పదమూడేళ్ళుగా ఆ కూత వింటున్నాను. విన్నప్పుడల్లా గుండె జల్లుమనడం మొదటి ఏడాదిలోనే పోయింది. ఎందుకంటే కూతల్లో చాలావరకు ఉత్తివే. జిప్పు కొన చూసి కూస్తుంది, గుండీ మీది పూత చూసి కూస్తుంది, ఒక్కోసారి ఏమీ లేకున్నా కూస్తుంది.

ఒకరోజు అట్టముక్క మీద లెక్క వేశాను. లక్ష చొక్కాల్లో ఒక్కదాంట్లో సూదిమొన ఉందనుకుందాం. మిషను ఎంత మంచిదైనా, నూరు మంచి చొక్కాలకు ఒక్కసారి పొరపాటున కూస్తుందనుకుందాం. అప్పుడు సుమారు వెయ్యి కూతలు ఉత్తివి, ఒక్కటి నిజం. ఇందులో మిషను తప్పేమీ లేదు. వెతుకుతున్నది అంత అరుదైనది, అంతే. ఈ లెక్క తేలాక నాకు మిషను మీద కోపం పోయింది, కూసిన చొక్కా మీద అనుమానమూ పోయింది. విప్పి చూడాలి. ఏమీ లేకపోతే మడిచి మళ్ళీ కట్టలో పెట్టాలి.

తొమ్మిదో గదికి ఆ దంపతులు వచ్చింది ఎండాకాలం మొదట్లో. అస్సాం నుంచి వచ్చారు. అతను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళు లేవు. పేరు వినగానే మతం తెలిసిపోయే పేరు అతనిది. అలాంటి పేరున్న గది మా వఠారంలో అదొక్కటే. ఆమెకు అప్పుడు ఐదో నెల. వివరాలు రాస్తుంటే, అతని కార్డు జిరాక్సులో పిన్‌కోడు చివరి అంకె చెరిగిపోయి కనిపించింది. ఆరంకెలుండాల్సిన చోట ఐదే ఉంటే నాకు మనసు ఒప్పదు. తర్వాత అడిగి పూరిద్దామని ఆ వరుస పక్కన ఎర్రపెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టాను. అడగడం మరిచిపోయాను.

ఏడో నెలలో ఆమెకు చక్కెర జబ్బు బయటపడింది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే రకం. సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ రోజుకు రెండుసార్లు, తిండికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోమంది. అది చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. గదుల్లో ఎవరికీ ఫ్రిజ్జు లేదు. ఉన్నది అవ్వ ఇంట్లోనే. అతను ఇన్సులిన్ సీసాలను వార్తాపత్రికలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, అవ్వ ఫ్రిజ్జు కింది అరలో పెట్టాడు. పొద్దున ఆరున్నరకు, సాయంత్రం ఏడున్నరకు అతని ఫోనులో అలారం మోగేది. మోగీ మోగకముందే పరుగున వచ్చేవాడు. తీసుకువెళ్ళి, ఐదు నిమిషాల్లో డబ్బా తెచ్చి మళ్ళీ పెట్టేవాడు. పైనున్న మంచుగడ్డల అరలో పెట్టొద్దని, కదిలించొద్దని వచ్చీరాని కన్నడలో రోజూ అవ్వకు చెప్పేవాడు.

“నా ఫ్రిజ్జులో నన్నే చెయ్యి పెట్టొద్దంటాడు చూడు, దొర!” అని అవ్వ నవ్వేది. నవ్వుతూనే పెరుగు గిన్నె పక్కకు జరిపేది.

ఒక శనివారం సాయంత్రం అవ్వ అత్తిబెలెలో ఉండే అల్లుడితో ఫోనులో మాట్లాడుతోంది. నగరంలో ఒకచోట పేలుడు జరిగిన వారం అది. టీవీలో అదే వార్త. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. అవ్వ అన్న మాటలు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

“తొమ్మిదో నంబరు గది ఆయప్ప నా ఫ్రిజ్జులో మందు పెట్టిండాడప్పా. డబ్బాలో. గంట మోగినప్పుడంతా వచ్చి చూసుకోని పోతాడు. కదిలించొద్దంటాడు. నాకేం భయం లేదులే.”

నేను ఈనె తీస్తూ విన్నాను. నాకు మందు అంటే ఒంటికి వాడే మందే. కానీ అవ్వ అల్లుడు ఇరవై రెండేళ్ళు రాతి క్వారీల్లో పనిచేసినవాడు. మా ఆనేకల్ పక్క క్వారీల్లో మందు పెట్టడమంటే బండకు తూటు వేసి, అందులో పేలేది కూరి, దూరం పరుగెత్తడం. ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు అక్కడే పోయాయి. అదే రోజు ఆయన కళ్ళముందే ఒక స్నేహితుడు కూడా పోయాడు. అదే మాట ఒక రైతు విని ఉంటే పురుగుల మందనుకునేవాడు. తాగుబోతు విని ఉంటే ఆశపడేవాడు. విన్నది ఆయన కాబట్టి ఫోను పెట్టేసి నేరుగా స్టేషనుకు చేశాడు. కన్నడంలోనూ మద్దు అంటే ఒంటికి వాడేదీ, పేలేదీ రెండూ. అందుకని ఆ మాట దారిలో ఎక్కడా అనుమానం తీరకుండానే స్టేషన్ చేరింది.

ఆదివారం పొద్దున ఏడుకు పది నిమిషాల ముందు పోలీసులు వచ్చారు. అందరినీ గదుల్లోంచి లేపి రోడ్డు అవతలికి పంపారు. నైటీల మీద తువ్వాళ్ళు కప్పుకున్న ఆడవాళ్ళు, పళ్ళపొడి నురగతో మగవాళ్ళు. తొమ్మిదో గది అతన్ని విడిగా జీపు దగ్గర నిలబెట్టారు. అతనికేమీ అర్థం కాలేదు. భార్య వైపే చూస్తున్నాడు.

నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఆరున్నరకు అలారం మోగడం విన్నాను. అంటే ఇన్సులిన్ సూది పడింది. ఏడింటికి తినాలి. ఏడుంపావు అయింది. ఏడూ ఇరవై అయింది. డబ్బా తెరవడానికి బాంబులు చూసే మనుషులు రావాలట, వాళ్ళు దారిలో ఉన్నారట. ఆమె పైపెదవి మీద చెమట పట్టింది. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది, చల్లగా ఉంది.

ఎస్సై దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, ధార్వాడ పక్క కన్నడం. నా తెలుగు కలిసిన కన్నడంలోనే చెప్పాను.

“సార్, ఆ డబ్బాలో ఏముందో అదే ఈ అమ్మాయి ఒంట్లో ఉంది. ఆరున్నరకు వేసుకుంది. ఇంకా తినలేదు. ఆలస్యమైతే ఒంట్లో చక్కెర తగ్గి పడిపోతుంది. లోపల బిడ్డ ఉంది.”

ఆయన నన్ను చూశాడు, ఆమెను చూశాడు. చింతామణి ఊరివైపు నుంచి వచ్చిన ముసలి కానిస్టేబుల్ ఆ చూపు తీరేదాకా ఆగలేదు. “మా ఇంటామెకూ ఇదే సార్” అంటూ మూలనున్న టీ అంగడికి పరుగెత్తాడు. “రేయ్, పాలు ఇయ్యి, చక్కెర నాలుగు చెంచాలెయ్యి. నాకు కాదురా, నన్ను చూస్తావేంది!” అని అరవడం రోడ్డంతా వినిపించింది. గ్లాసు ఆమె పెదవులకు నేనే పట్టాను. పది నిమిషాలకు చేతికి వేడి వచ్చింది. జీపు దగ్గర నిలబడ్డ అతను ముఖం తిప్పుకుని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

ఎనిమిదింటికి డబ్బా తెరిచారు. రెండు సీసాలు, సిరంజిలు, డాక్టరు చీటీ. ముందు కానిస్టేబుల్ నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఇళ్ళకు పోవచ్చన్నారు.

కథ అక్కడితో అయిపోవాలి. నా పుస్తకం వల్ల అయిపోలేదు. ఎస్సై అద్దెవాళ్ళ వివరాలు తెమ్మన్నాడు. తెచ్చిచ్చాను. ఆయన వేలు తొమ్మిదో వరుస దగ్గర ఆగింది.

“ఇదేంటమ్మా? మీరే అనుమానపడి గుర్తు పెట్టుకున్నారే.”

“అనుమానం కాదు సార్, అంకె.”

“అంకె అయితే ఎర్రగా ఎందుకు?”

పేజీ మొత్తం చూశాను. పదహారు వరుసల్లో ఎర్రది అదొక్కటే. చెరిగిన జిరాక్సులు ఇంకో రెండున్నాయి. వాటి పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఎర్రపెన్నును ఎందుకు వెతుక్కుందో ఆ క్షణం దాకా నేను లెక్క చూసుకోలేదు.

అతన్ని కాగితాల విచారణకు స్టేషనుకు రమ్మన్నారు. అంతలో అవ్వ అల్లుడు బైకు మీద వచ్చాడు. డబ్బాలో ఏముందో విన్నాక కూడా ఆయన ముఖం తెరిపినపడలేదు. “ఏదైతే అదైంది. పోలీసులు ఇంటికొచ్చినారు. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమను అత్తా” అన్నాడు. తొమ్మిదో నెలలో పడబోతున్న అమ్మాయి, కొత్త గది ఎవరిస్తారు, ఇచ్చినా ఫ్రిజ్జు ఎవరిస్తారు, ఆసుపత్రి ఎంత దూరం. నేను ఆమెను అవ్వ దగ్గర కూర్చోబెట్టి, అతనితో పాటు స్టేషనుకు బయల్దేరాను. గుర్తు పెట్టింది నేను కాబట్టి తీసేయాల్సిందీ నేనే.

జీపు దిగగానే కానిస్టేబుల్ మాతో పాటు తెచ్చిన ఆ స్టీలు డబ్బాను స్టేషనెదురు బేకరీలోని ఫ్రిజ్జులో పెట్టించాడు. “ఇన్సులిన్, తెలిసిందా? ఇన్-సు-లిన్. మద్దు గిద్దు అని ఎవరితోనూ అనొద్దు” అని బేకరీవాడికి మూడుసార్లు చెప్పాడు.

ఎస్సై చెడ్డవాడు కాదు. మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళున్నాయి. నాకు కుర్చీ చూపించి, తన బాధ తానే చెప్పుకున్నాడు. పైనుంచి రోజూ అడుగుతారట, ఎన్ని ఇళ్ళు చూశారు, ఎంతమంది వివరాలు సరిచూశారు అని. “కెమెరాలున్నాయి, ఫోన్ల జాడలున్నాయి, డబ్బు ఎటు పోతోందో చూసేవాళ్ళున్నారు. అన్నీ ఉన్నా, మొదటి మాట మాత్రం ఎవరో పక్కింటివాళ్ళే చెప్పాలి. ఒక్క మాట వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదమ్మా. ఇలాంటి వాళ్ళను ఖాళీ చేయించడమే మీకూ మాకూ మంచిది.”

“ఒక్క మాటా వదలొద్దు సార్” అన్నాను. “కానీ నా పని సంగతి ఒకటి చెప్తాను, వినండి.”

మా ఫ్యాక్టరీలో కొత్త సూది కావాలంటే విరిగిన సూది ముక్కలన్నీ తెచ్చివ్వాలి. ముక్కలు పక్కపక్కన పెట్టి, సూది పూర్తిగా ఉందో లేదో చూసి, పుస్తకంలో టేపుతో అంటిస్తాము. ముక్క తక్కువైతే ఆ చోట ఉన్న చొక్కాలన్నీ వెతుకుతాము. ఒకప్పుడు ఒక సూపర్‌వైజరుండేవాడు. సూది విరిచినామె మీద అందరి ముందూ అరిచేవాడు. ఒకామెను గేటు బయటికి కూడా పంపాడు. ఆ తర్వాత నెలలో మా వరుసలో సూదులు విరగడమే ఆగిపోయింది. పుస్తకం ఖాళీ. ఆయనకు శభాషులు. కానీ నా మిషనులో నిజమైన కూతలు పెరుగుతున్నాయి. అమ్మాయిలు బయట సూదులు కొనుక్కుని తెచ్చి, గుట్టుగా మార్చుకుని, ముక్కలు దాచేస్తున్నారు. ఒక ముక్క దొరక్కపోయినా చెప్పేవాళ్ళు లేరు. తర్వాత ఆయన చోటికి ఒకామె వచ్చింది. అరవలేదు. ముక్కలు తెస్తే కొత్త సూది చేతిలో పెట్టి పంపేది. పుస్తకం నిండిపోయింది. మేనేజరు కంగారుపడ్డాడు, ఇన్ని సూదులు విరుగుతున్నాయేమని. విరగడం పెరగలేదు సార్, చెప్పడం పెరిగింది అన్నాను. మిషను కూతలు చూపించాను. అవి తగ్గాయి.

“ఈరోజు పొద్దున మా వఠారమంతా రోడ్డు మీద నిలబడి చూసింది” అని ఎస్సైకి చెప్పాను. “ఏమీ లేదని తేలినా గది పోతుందని వాళ్ళకు తెలిస్తే, రేపటినుంచి నా పుస్తకంలో నిజం పేర్లుండవు. మీకు పక్కింటి మాట ఇంక రాదు. వచ్చినా అది నిజంగా అనుమానించి చెప్పిందో, పగబట్టి చెప్పిందో మీరు తేల్చలేరు. ఆ ఎర్ర గుర్తు నా తప్పు. నేను అంకెను చూశాననుకున్నాను, పేరును చూశాను. ఆ సంగతి కూడా రాసి సంతకం పెడతాను.”

ఎస్సై పుస్తకాన్ని తొమ్మిదో వరుస దగ్గర తెరిచాడు. తర్వాత అతన్ని పిలిచి హిందీలో పిన్‌కోడు అడిగాడు. అతను ఆరంకెలూ గడగడా చెప్పాడు. ఎస్సై అతని ఊరి స్టేషనుకు ఫోను చేయించాడు. అక్కడినుంచి జవాబు రావడానికి మధ్యాహ్నం రెండైంది. అంతవరకు కానిస్టేబుల్ మా ఇద్దరికీ చిత్రాన్నం తెప్పించాడు. అతను తినలేదు. పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అంతా సరిగ్గానే ఉంది” అన్నాడు ఎస్సై. “నా వైపునుంచి అభ్యంతరం లేదు. ఉంచుకోవడం, పంపడం ఓనరు ఇష్టం. అది నా చేతిలో లేదమ్మా.” తర్వాత కొంచెం మెల్లగా, “కావాలంటే నేనే వచ్చి చెప్తాను, ఏమీ లేదని” అన్నాడు. నిజంగానే వచ్చాడు. జీపు దిగి, సందులో నిలబడి, పదహారు గదులకూ వినబడేలా చెప్పాడు. పొద్దున అనుమానం నలుగురి ముందు చూపించారు. మధ్యాహ్నం అది తీరిపోయిందని కూడా నలుగురి ముందే చెప్పారు. నేను పోలీసుల పని ఇంత దగ్గరగా చూసింది అదే మొదలు. అందులో నాకు అన్నిటికన్నా గట్టిదనిపించింది ఈ రెండో పనే.

ఇక మిగిలింది అవ్వ, ఆమె అల్లుడు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళగానే తలెత్తాడు.

“నేను ఫోన్ చేసింది తప్పంటావా అక్కా?”

“కాదప్పా. నువ్వు విన్నది నువ్వు చెప్పినావు. ఎవరైనా అదే చెయ్యాల.”

“మళ్ళేమి?”

“విప్పి చూసినారు. ఏమీ లేదు. చూసినాక కూడా బయటికి తోస్తే, అది తప్పు.”

ఆయన తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. “ఆ మాట వింటే నాకు ఇప్పుడు కూడా కాళ్ళు ఆడవక్కా. మా అత్త ఉండే ఇంట్లో అంటే ఇంగ చూస్కో.”

అవ్వ లోపలినుంచి వింటూనే ఉంది. గడప మీదికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. “నా కోసరం భయపడినావు, అది నాకు తెలుసప్పా. కానీ ఈ వయసులో ‘మందు’ అనే మాట మార్చుకోవాల్సింది నేను. ఇంగమీద నీతో ఇంగిలీషులోనే మాట్లాడతా. ఇన్సులీ. సరిపోయిందా? ఆ పిల్ల పొద్దున్నుంచి నా మంచం మీద ముడుచుకోని పడుకోనుండాది, గది పోతుందని ఏడుస్తా. నా ఇల్లు ఇది. కానుపయ్యేదాకా కాదు, వాళ్ళకు బుద్ధి పుట్టినన్నాళ్ళు ఉంటారు.”

“సరే అత్తా” అన్నాడు ఆయన. 

నా చేతిలో ఇంకా బేకరీ నుంచి తెచ్చిన ఆ స్టీలు డబ్బా ఉంది. ఆయన లేచి రెండు చేతులూ చాచాడు. ఇచ్చాను. క్వారీలో పనిచేసిన మనిషి డబ్బా పట్టుకోవడం వేరు. ఎక్కడా తగలకుండా, ఊపిరి కూడా దానికి తగలనీకుండా, లోపలికి నడిచి ఫ్రిజ్జు కింది అరలో పెట్టాడు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు. మంచం దగ్గర ఆగి, ఆమె వైపు సూటిగా చూడకుండా, “ఊట ఆయ్తా అమ్మా?” అన్నాడు, అన్నం తిన్నావా అని. ఆమె లేచి కూర్చుని, చెంగు సర్దుకుని, తల ఊపింది. జేబులోంచి చిత్రాన్నం పొట్లం తీసి విప్పుతున్న భర్తను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ సాయంత్రం ఏడున్నరకు అలారం మోగింది. అతను వచ్చాడు, తీసుకున్నాడు, వెళ్ళాడు. నేను వాకిట్లో కూర్చుని పుస్తకంలో ఆ వరుస మళ్ళీ రాస్తుంటే నాలుగో గదామె వచ్చి పక్కన చతికిలబడింది. రాయచూరు పక్కామె, మొగుడిది సెంట్రింగు పని. కాసేపు కొంగు చివర ముడివేస్తూ, విప్పుతూ కూర్చుంది.

“అక్కా, మా గదిలో మా మరిది కూడా ఉండాడు. రాయించలేదు. కార్డు పోగొట్టుకున్నాడు. పొద్దున అందర్నీ బయటికి పిలిస్తే వెనక గోడ దూకి పోయినాడు. ఇప్పుడే వచ్చినాడు.”

“ఎన్నాళ్ళయింది వచ్చి?”

“నాలుగు నెల్లు.”

“ఇన్నాళ్ళు చెప్పలేదేం?”

“చెప్తే గది పోతాదనుకుంటిమి.”

“మరిప్పుడు చెప్తున్నావే?”

ఆమె తొమ్మిదో గది వైపు చూసింది. లోపల దీపం వెలుగుతోంది. ఆవనూనెలో ఏదో వేగుతున్న ఘాటు సందంతా పరుచుకుంది.

“వాళ్ళు ఇంకా ఇక్కడే ఉండారు గదా” అంది.